ఒక్క ఫోను... నలభై మంది పిల్లలు

బడిలో కంప్యూటర్ గది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. టీచరు చేతిలో మాత్రం స్మార్ట్‌ఫోన్ ఉంది. పైసా ఖర్చు లేకుండా దొరికే ఆన్‌లైన్ సాధనాలతో ఆ ఒక్క ఫోను పాఠానికి, పరీక్షకు, రిజిస్టరు పనికి ఎంతవరకు అక్కరకొస్తుంది? ఎక్కడ జాగ్రత్త పడాలి?

బర్కత్‌పుర చమన్ దగ్గర బస్సు దిగి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి వైపు నడిస్తే దారి పొడవునా చదువుల సందడే. రెడ్డి మహిళా కళాశాల, కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థలు, మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల, సందుల్లో ప్రైవేటు బడులు, ట్యూషన్ బోర్డులు. ఆపైన అశోక్‌నగర్. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే కుర్రాళ్ల హాస్టళ్లు, స్టడీ హాళ్లు, గుమ్మం దాకా మెటీరియల్ పేర్చుకున్న జిరాక్స్ షాపులు, రోజంతా కిటకిటలాడే నగర కేంద్ర గ్రంథాలయం.

చదువుకు కావలసింది ఎవరో ఇస్తారని ఎదురుచూడకుండా తామే సమకూర్చుకోవడం ఈ ప్రాంతానికి అలవాటైన పని. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయాన్ని పెట్టినప్పుడు హైదరాబాద్‌లో తెలుగు పుస్తకం దొరకడమే గగనం. చందాలు పోగుచేసుకుని, పుస్తకాలు తెప్పించుకుని నలుగురికీ అందుబాటులో ఉంచారు. 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు బడి పెట్టారు మాడపాటి హనుమంతరావు. నిజాం రాజ్యంలో పై చదువులకు ఉర్దూదే పెత్తనం కావడంతో పూణేలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకుని మరీ ఆ బడిని నిలబెట్టారు.

ఇప్పుడు కొరత పుస్తకాలది కాదు. దీక్ష, టీ-శాట్, గూగుల్ క్లాస్‌రూమ్, ఫెట్, స్టోరీవీవర్, వికీపీడియా... ఫోను తెరిస్తే టీచరు ముందు వందల సాధనాలు, అన్నీ ఉచితమే. వీటిలో ఏది నలభై మంది కూర్చున్న గదిలో నిజంగా పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న.

ఇంట్లో ఒకే ఫోను

ఈ ప్రశ్నకు మొదటి జవాబు కరోనా కాలంలోనే దొరికింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. యూట్యూబ్‌లో ఉంచి ఊరుకోకుండా టీవీలో ప్రసారం చేయడం తెలివైన నిర్ణయం. స్మార్ట్‌ఫోన్ లేని ఇంట్లోనూ టీవీ ఉంటుంది, లేకుంటే పక్కింట్లో ఉంటుంది. టీచర్లు వాట్సాప్‌లో వర్క్‌షీట్లు పంపారు, ఫోన్లు చేసి పిల్లల బాగోగులు కనుక్కున్నారు. అయినా నాన్న పనికి పోతూ ఫోను పట్టుకుపోతే ఆ పూట బిడ్డకు బడి లేనట్టే. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఒకే తెర కోసం వంతులు.

అప్పటితో పోలిస్తే ఫోన్లు పెరిగాయి. 2024 అసర్ (వార్షిక విద్యాస్థితి) నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో సుమారు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. వాడటం తెలిసిన పిల్లల్లో అంతకుముందు వారం రోజుల్లో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. బడి సంగతి వేరు. 2023-24 యూడైస్ (కేంద్ర విద్యాశాఖ పాఠశాల గణాంకాల) లెక్కల్లో దేశంలోని పాఠశాలల్లో ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం, పనిచేసే కంప్యూటర్లున్నవి 57.2 శాతం. అంటే దాదాపు సగం బడుల్లో టీచరు సొంత సెల్లు, సొంత డేటానే దిక్కు.

కాబట్టి ప్రతి పిల్లవాడి చేతిలో ఫోను ఉంటేనే నడిచే సాధనం చాలా బడుల్లో మొదటి రోజే ఆగిపోతుంది. టీచరు ఫోనొక్కటే చాలనేది ఏడాదంతా పనికొస్తుంది. కొత్త యాప్ కనబడగానే వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

కార్డు తిప్పి చూపిస్తే చాలు

ప్లిక్కర్స్ అనే సాధనం ఈ పరీక్షలో బాగా నెగ్గుతుంది. కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పిన ఓ ఉపాధ్యాయుడు తన తరగతి అవసరం కోసమే దీన్ని తయారుచేశాడు. పిల్లలకు ఫోన్లు అక్కర్లేదు. ఒక్కో పిల్లకు నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉన్న కాగితం కార్డు ఇస్తారు. కార్డుకు నాలుగు వైపులా ఎ, బి, సి, డి అని సన్నటి అక్షరాలుంటాయి. తాను అనుకున్న జవాబు పైకి వచ్చేలా పిల్ల కార్డు పట్టుకుంటుంది. టీచరు ఫోను కెమెరాను ఒకసారి గదంతా తిప్పితే ఎవరు ఏం చెప్పారో పేరుతో సహా తెరమీదికి వస్తుంది. ఒక్కో కార్డు బొమ్మ ఒక్కో రకం కనుక పక్కవాళ్లది చూసి అలాగే తిప్పితే జవాబు మారిపోతుంది. కార్డుల సెట్టు ఉచితంగా దింపుకోవచ్చు. కాస్త మందం కాగితం మీద ప్రింటు తీయిస్తే ఏళ్లపాటు వస్తాయి.

ఆరో తరగతి గణితం పీరియడ్‌లో ఇదెలా సాగుతుందో చూద్దాం. మూడు బై ఎనిమిది, మూడు బై ఐదు: ఏది పెద్దది? కింద అంకె పెద్దదైతే భిన్నం కూడా పెద్దదనుకోవడం పిల్లలు చేసే మామూలు పొరపాటు. టీచరు నోటితో అడిగితే ముందు బెంచీలోని ఇద్దరు సరైన జవాబు చెబుతారు, మిగతావాళ్లు తలూపుతారు, పాఠం ముందుకు పోతుంది. కార్డులతో అడిగితే తలూపినవాళ్లలో ఎందరు మూడు బై ఎనిమిదినే పెద్దదనుకున్నారో అక్కడికక్కడే తేలిపోతుంది. చెయ్యెత్తడానికి జంకే పిల్ల కూడా జవాబు చెప్పినట్టే, తప్పయినా నలుగురిలో నవ్వులపాలు కానట్టే.

పొరపాటు ఎక్కడుందో తెలిశాక ఫెట్ తెరవొచ్చు. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. గణితం, సైన్స్ పాఠాలకు తెరమీద చేసే ప్రయోగాలుంటాయి. భిన్నాల బొమ్మలో ఒక గుండ్రటి పళ్లెం కనిపిస్తుంది. కింద అంకెను ఐదు నుంచి ఎనిమిదికి మారిస్తే అదే పళ్లెం ఎనిమిది ముక్కలవుతుంది, ఒక్కో ముక్కా సన్నబడుతుంది. ముక్కలు పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుందని పిల్లలే అంటారు. బల్బు, బ్యాటరీ, వైర్లతో కరెంటు సర్క్యూట్ కట్టే బొమ్మ కూడా ఇలాంటిదే. కొన్నింటికి తెలుగు అనువాదాలున్నాయి. లేనివాటిని అనువదించడానికి టీచర్లకు ఆ సంస్థే వీలు కల్పించింది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. డిజిటల్ ప్యానెల్ ఉన్న ఉన్నత పాఠశాలలో పెద్ద తెరమీద, లేనిచోట ల్యాప్‌టాప్ చుట్టూ గుంపులుగా చూపించవచ్చు.

పుస్తకంలోనే ఉన్న తలుపు

చాలామంది తల్లిదండ్రులు గమనించని సదుపాయం ఒకటి పిల్లల బ్యాగులోనే ఉంది. పాఠ్యపుస్తకంలో పాఠాల దగ్గర అచ్చయిన క్యూఆర్ కోడ్. కేంద్ర విద్యాశాఖ 'దీక్ష' వేదికను 2017 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు, నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. దీక్ష యాప్‌తో ఆ కోడ్ స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, అభ్యాసాలు వస్తాయి. కెమెరా సరిగా పనిచేయకపోతే కోడ్ కింద ఉన్న ఆరు అక్షరాలు కొట్టినా చాలు. ఇంట్లోనో స్టాఫ్ రూంలోనో వైఫై ఉన్నప్పుడు దింపుకుని తరగతిలో నెట్ లేకుండా చూపించవచ్చు.

తెలంగాణలో దీని అవసరం ఇప్పుడు మరింత పెరిగింది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం తెచ్చి, ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలిచ్చారు. నిన్నటిదాకా కిరణజన్య సంయోగక్రియ అని చెప్పిన టీచరు నేడు ఫొటోసింథసిస్ అని చెప్పి, మళ్లీ తెలుగులో విప్పిచెప్పాలి. ఇందుకు సాయంగా టీ-శాట్ విద్య ఛానల్ పాఠాలు యూట్యూబ్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి. అరగంట వీడియో మొత్తం పెట్టి టీచరు పక్కన కూర్చుంటే అది పాఠం కాదు. మూడు నిమిషాల ముక్క చూపించి, ఆపి, ప్రశ్న అడిగి, మళ్లీ కొనసాగిస్తే వీడియో టీచరుకు సాయపడినట్టు.

చదవడం ఇంకా పట్టుబడని చిన్నపిల్లలకు గూగుల్ రీడ్ అలాంగ్ మంచి తోడు. 2019లో 'బోలో' పేరుతో హిందీ, ఇంగ్లిష్‌లలో వచ్చి 2020లో తెలుగు సహా మరిన్ని భాషలకు విస్తరించింది. పిల్ల గట్టిగా చదువుతుంటే వింటుంది, తప్పిన మాట దగ్గర సరిదిద్దుతుంది. కథల పుస్తకాలకు ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్ ఉంది. అందులోని తెలుగు కథలను దింపుకోవచ్చు, ప్రింటు తీసి గోడకు వేలాడదీయవచ్చు, తరగతి అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు కూడా. లైసెన్సే ఆ అనుమతి ఇస్తుంది. అనంతపురం ప్రాంతం నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పిల్లల పత్రికదీ అదే దారి. పిల్లలు రాసి, బొమ్మలు గీసిన కథలను ఎవరైనా చదువుకునేలా నెట్‌లో ఉంచింది.

ప్రశ్నపత్రం దగ్గర చిక్కు

తెలుగు టీచర్లకు సాధనాలకన్నా ముందు ఎదురయ్యే చిక్కు ఫాంటుది. యూనిట్ టెస్టు ప్రశ్నపత్రాన్ని డీటీపీ సెంటర్లో అను స్క్రిప్ట్‌లో టైపు చేయించడం ఏళ్లుగా ఉన్న అలవాటు. కాగితం మీద అక్షరాలు ముత్యాల్లా వస్తాయి. అదే మ్యాటరును కాపీ చేసి గూగుల్ ఫామ్‌లో అతికిస్తే తెలుగు మాయమై పిచ్చి గుర్తులు ప్రత్యక్షమవుతాయి. అను ఫాంట్లు అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతిలో లేకపోవడమే కారణం. ఏళ్ల తరబడి కూడబెట్టిన ప్రశ్నలన్నీ అలా కాగితానికే పరిమితమైపోతున్నాయి.

విరుగుడు కూడా ఉచితమే. ఫోనులో గూగుల్ కీబోర్డుతో నేరుగా తెలుగులో కొట్టవచ్చు, గొంతుతో చెప్పినా టైపు చేస్తుంది. కంప్యూటర్‌లో 2006 నుంచీ అందుబాటులో ఉన్న 'లేఖిని' టైపింగ్ సాధనం ఉంది. యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవన్న మాటకూ కాలం చెల్లింది. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన రామభద్ర, మల్లన్న, మండలి, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో ఒకదాని పేరు 'సురవరం'. 1926లో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక తెచ్చిన సురవరం ప్రతాపరెడ్డి పేరిట వచ్చిన ఫాంటుతో ఈ నగరపు బడి ప్రశ్నపత్రం సిద్ధమైతే ఎంత బాగుంటుంది!

ఒకసారి యూనికోడ్‌లో పడితే ప్రశ్న ప్రాణం పోసుకుంటుంది. వెతికితే దొరుకుతుంది. గూగుల్ ఫామ్‌లో క్విజ్‌గా మార్చితే బహుళైచ్ఛిక ప్రశ్నలకు మార్కులు వాటంతటవే పడతాయి. ఏ ప్రశ్నకు ఎక్కువమంది తప్పు రాశారో గ్రాఫులో కనిపిస్తుంది. మరుసటి ఏడాది అదే ప్రశ్నను నాలుగు అంకెలు మార్చి మళ్లీ వాడుకోవచ్చు.

చాట్‌జీపీటీ, జెమిని వంటి కృత్రిమ మేధ సాధనాల ఉచిత రూపాలతో ప్రశ్నపత్రాలు రాయించుకునే టీచర్లూ పెరుగుతున్నారు. ఒక పాఠానికి ఇరవై ప్రశ్నలు క్షణాల్లో ఇస్తాయి. వాటిలో సిలబస్‌లో లేనివీ, జవాబే తప్పుగా ఉన్నవీ, తెలుగు వాక్యం ఎబ్బెట్టుగా ఉన్నవీ కలిసిపోయి ఉంటాయి. ఇరవైలో ఎనిమిది ఏరుకుని, తిరగరాసి, జవాబు చేత్తో చేసి చూసుకున్నాకే పిల్లల ముందు పెట్టాలి.

రిజిస్టర్ల బరువు

పాఠం తర్వాత టీచరు సమయాన్ని తినేసేది రాతపని. హాజరు, మార్కులు, గ్రేడ్లు, మధ్యాహ్న భోజనం లెక్క, పై నుంచి అడిగే రకరకాల నమూనాలు. ప్రభుత్వ యాప్‌లు కొన్ని తప్పవు. మిగతా పనిలో గూగుల్ షీట్ ఒక్కటే సగం భారం దించుతుంది. మార్కులు ఒకసారి ఎక్కిస్తే మొత్తం, శాతం, గ్రేడు సూత్రాలే లెక్కకడతాయి. 35 కన్నా తక్కువ వచ్చిన గడి ఎర్రబడేలా అమర్చుకుంటే ఎవరి మీద దృష్టి పెట్టాలో చూపు పడగానే తెలుస్తుంది. ప్రధానోపాధ్యాయులతో, మిగతా సబ్జెక్టుల టీచర్లతో ఒకే షీటు పంచుకుంటే ఒకే పిల్లవాడి పేరు ఐదుచోట్ల రాయనక్కర్లేదు.

గూగుల్ క్లాస్‌రూమ్ 2014లో వచ్చింది. 2017 నుంచి మామూలు జీమెయిల్ ఖాతా ఉన్నవారికీ తెరుచుకుంది. కళాశాలల్లో, తొమ్మిది పది తరగతుల్లో అసైన్‌మెంట్లు ఇవ్వడానికి, గడువు పెట్టడానికి, దిద్ది తిరిగి పంపడానికి అనువైనది. ప్రాథమిక పాఠశాలకు మాత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపే దారి. అందులో రెండు జాగ్రత్తలు చాలు. అడ్మిన్లు మాత్రమే సందేశం పెట్టేలా మార్చితే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పరీక్ష తేదీ కనుమరుగవదు. గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడితే ఒకరి నంబరు మరొకరికి కనిపించదు. ఆడపిల్లల తల్లుల ఫోన్ నంబర్లు నలభై మంది చేతుల్లో పడకుండా ఉండటం చిన్న విషయమేమీ కాదు.

ఉచితానికి చెల్లించేదేమిటి?

ఉచితంగా ఇచ్చిన సంస్థ ఏదో ఒకరోజు తీసేసుకోవచ్చు. టీచర్ల ఆదరణ పొందిన ఎడ్‌మోడో 2022 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ తన తెల్లబోర్డు జామ్‌బోర్డ్‌ను 2024 డిసెంబరు 31తో ఆపేసింది. విద్యాసంస్థలకు పరిమితి లేకుండా ఇచ్చిన నిల్వ స్థలానికి 2022లో హద్దు పెట్టింది. కష్టపడి తయారుచేసుకున్న పాఠం ఒకే కంపెనీ ఖాతాలో ఉంటే దాని ఆయుష్షు ఆ కంపెనీ చేతిలో ఉన్నట్టే.

పక్క రాష్ట్రంలో ఇది పెద్దఎత్తున కనిపించింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 4 లక్షల మందికి పైగా ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచింది. పాఠాలు బైజూస్ కంపెనీవి. నెట్ లేకున్నా నడిచేలా ముందే నింపి ఇవ్వడం మంచి ఆలోచన. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. సొంతంగా మార్చుకునే హక్కు లేని పాఠాన్ని తయారుచేసినవాడు చేతులెత్తేస్తే, సరిదిద్దే దిక్కుండదు.

రెండో ధర పిల్లల సమాచారం. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా ఆన్‌లైన్ విద్యా సాధనాలను పరిశీలించి, 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించేలా లేదా ముప్పు తెచ్చేలా ఉన్నాయని తేల్చింది. ఆ పరిశీలనలో దీక్ష కూడా ఉంది. దీక్షకు చెందిన క్లౌడ్ నిల్వకు రక్షణ లేక లక్షలాది టీచర్లు, విద్యార్థుల వివరాలు బయటివారి కంటపడేలా ఉండిపోయాయని 2023 జనవరిలో 'వైర్డ్' పత్రిక బయటపెట్టింది. ప్రభుత్వ వేదికకే ఈ పరిస్థితి ఎదురైతే ఊరూపేరూ లేని క్విజ్ యాప్ సంగతి చెప్పనక్కర్లేదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి డేటా తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. పిల్లల కదలికలను గమనించి ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధిస్తుంది. బడి స్థాయిలో పాటించదగిన పద్ధతి తేలికైనదే. క్విజ్ సాధనంలో పిల్లల అసలు పేరు బదులు రోల్ నంబరు పెట్టాలి. పుట్టిన తేదీ, ఫొటో, ఆధార్ అడిగే యాప్‌ను పక్కన పెట్టాలి. మార్కుల షీటు లింకు "ఎవరైనా చూడవచ్చు" అని వదిలేయకూడదు.

దాచుకోగలిగేది, దిద్దుకోగలిగేది

వాడుకోవడానికే కాక నకలు తీసుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి అనుమతి ఉన్న సాధనాలకు ఈ చిక్కులు తక్కువ. తెలంగాణలోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి 2015లో మొదలుపెట్టిన 'క్లిక్స్' కార్యక్రమం ఛత్తీస్‌గఢ్, మిజోరం, రాజస్థాన్‌లతో పాటు తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లోనూ నడిచింది. పాఠాలు తెలుగులో ఉండేవి. బడి కంప్యూటర్ గదిలోని సర్వరులోనే ఉంచడంతో నెట్ ఆగినా పాఠం ఆగేది కాదు. చతుర్భుజాల లక్షణాలను పోలీసు ఆటగా నేర్పడం అందులో ఒకటి. ఒక్కో కంప్యూటర్ దగ్గర ఇద్దరు ముగ్గురు కూర్చుని వాదించుకుంటూ చేసేలా తీర్చిదిద్దారు. విద్యలో సాంకేతికతకు యునెస్కో ఇచ్చే కింగ్ హమద్ బహుమతి 2017 సంవత్సరానికి క్లిక్స్‌కు దక్కింది.

హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' సంస్థ పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. కేరళ ఈ దారిలో చాలా ముందుంది. ప్రభుత్వ బడుల కంప్యూటర్లన్నిటినీ ఉచిత సాఫ్ట్‌వేర్‌పైనే నడుపుతోంది, జ్యామితికి జియోజెబ్రాను టీచర్లకు నేర్పింది.

విద్యార్థులు చదివి ఊరుకోకుండా రాయడానికీ చోటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు తెలుగు వికీ ప్రాజెక్టుల్లో రాయడాన్ని చదువులో భాగంగా చేసుకున్నారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, నారాయణగూడ వీధులు, మాడపాటివారి బడి చరిత్ర మీద ఆధారాలు సేకరించి నాలుగు పేరాలు రాయమంటే ఈ పేట విద్యార్థికి గ్రంథాలయంలో వెతకడం, మూలం చూపడం, సొంత వాక్యం రాయడం మూడూ అలవడతాయి. ఇవేవీ గైడు పుస్తకంలో దొరకవు.

ప్రభుత్వ బడుల టీచర్లు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఎలాగూ కలుస్తారు. ఒక సమావేశంలో గంటసేపు, ఉపన్యాసం లేకుండా, గణితం టీచర్లంతా తమ దగ్గరున్న ఆరో తరగతి ప్రశ్నలను యూనికోడ్‌లో ఒకే షీటులో ఎక్కిస్తే వందల ప్రశ్నల నిధి తయారవుతుంది. తర్వాతి సమావేశంలో సైన్సువాళ్లు, ఆ తర్వాత తెలుగువాళ్లు. ఆ షీటు నకలు ఒకటి ప్రతి బడి పెన్‌డ్రైవ్‌లోనూ ఉండాలి. కొత్తగా బదిలీపై వచ్చే టీచరు చేరిన రోజే దాన్ని అందుకోవాలి. దీనికి ఏ కంపెనీతోనూ ఒప్పందం అక్కర్లేదు, ఏ టెండరూ పిలవనక్కర్లేదు. ఈ విద్యాసంవత్సరంలో వచ్చే తొలి సమావేశం నుంచే మొదలుపెట్టొచ్చు.